క్రిస్మస్ కేకు ఎందుకు కుదరదు? కొలత, బెల్లం, వేడి చెప్పే కారణాలు

క్లుప్తంగా

ఇంట్లో చేసిన క్రిస్మస్ కేకు నడుమ కుంగినా, అడుగు మాడినా, పండ్లన్నీ కిందికి దిగిపోయినా చేసినవారి చేతిని తప్పుపట్టడం మామూలే. చాలాసార్లు తప్పు చేతిది కాదు. గిన్నెల కొలత, డిసెంబరు తేమ, బెల్లంలో ఉండే తడి, కుక్కర్ లోపలి తెలియని వేడి కేకును పాడుచేస్తాయి. అరిసెల పాకాన్ని నీళ్లలో వేసి చూసి దించే ఇళ్లలోనే కేకును మాత్రం గడియారం చూసి దించుతున్నారు. సామాన్లు తూచి, ఉడికిన గుర్తులు చూసి చేస్తే కుక్కర్‌లోనైనా మంచి కేకు వస్తుంది.

ఒకే వారంలో రెండు రకాల వంట

డిసెంబరు మూడో వారానికి తిరుపతి, చిత్తూరు కిరాణా కొట్లలో టూటీఫ్రూటీ, ఎండుద్రాక్ష, చెర్రీ పొట్లాలు ముందు వరుసకు వస్తాయి. అదే కొట్లో అరిసెలకు బెల్లం, మురుకులకు మినప్పప్పు కూడా అమ్ముడుపోతుంటాయి. క్రైస్తవ కుటుంబాల్లో పండగ అంటే కేకు ఒక్కటే కాదు. అరిసెలు, కజ్జికాయలు, మురుకులు, గులాబీ పువ్వులు చేసి ఇరుగుపొరుగుకు పంచడం ఆనవాయితీ. మూడు వారాల తర్వాత సంక్రాంతికి అవే పిండివంటలు అటు నుంచి ఇటు వస్తాయి.

ఈ ప్రాంతంలో సంఘాలు ఎక్కువగా 19వ శతాబ్దపు మిషన్లతో మొదలయ్యాయి. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్, చిత్తూరు, మదనపల్లె వైపు అమెరికన్ ఆర్కాట్ మిషన్ పనిచేశాయి. కేకు దారి వేరు. మన దేశంలో తొలి క్రిస్మస్ కేకు 1883లో కేరళలోని తలశ్శేరిలో మంబల్లి బాపు బేకరీలో తయారైందని ప్రసిద్ధి. ప్లమ్ కేకులో ప్లమ్ పండు వెతకనక్కర్లేదు. పాత ఇంగ్లీషులో ఎండుద్రాక్షను ఆ పేరుతో పిలిచేవారు, కేకుకు ఆ పేరు అలాగే ఉండిపోయింది.

రెండు వంటల మధ్య అసలు తేడా దిద్దుబాటులో ఉంది. మొదటి అరిసె నూనెలో విడిపోతే పిండిలో ఇంకాస్త పిండి కలిపి రెండోది సరిచేయవచ్చు. మురుకు గట్టిగా వస్తే రెండో వాయికి వెన్న పెంచవచ్చు. కేకు టిన్ను మూత కిందికి వెళ్లాక చేయగలిగింది ఏమీ లేదు. కాబట్టి కేకులో జాగ్రత్తంతా పొయ్యి వెలిగించే ముందే పడాలి.

కప్పు కొలతతో మొదలయ్యే తేడా

చాలా వంటకాల్లో కప్పు అంటే 240 మి.లీ. మన దగ్గర అమ్మే కొలత కప్పుల సెట్లలో 240, 250 మి.లీ.వి రెండూ ఉన్నాయి. ఇంట్లో టీ తాగే కప్పు అందులో సగమే పట్టవచ్చు. కప్పు ఒకటే అయినా నింపే తీరును బట్టి బరువు మారుతుంది. మైదాను జల్లించి చెంచాతో కప్పులోకి వేసి పైన గీస్తే 120 నుంచి 125 గ్రాములు పడుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి నొక్కి తీస్తే 150 గ్రాములు దాటుతుంది. రెండు కప్పుల వంటకంలో ఇది 50 గ్రాముల అదనపు మైదా. పైన పగిలి, లోపల పొడిపొడిగా రాలే కేకుకు తరచుగా ఇదే కారణం.

చక్కెర దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఒక కప్పు చక్కెర 200 గ్రాములు. పొడి చేసిన చక్కెర ఒక కప్పు 120 గ్రాములే. ‘కప్పు చక్కెరను పొడి చేయండి’ అన్నదాన్ని ‘కప్పు చక్కెర పొడి’గా తీసుకుంటే 80 గ్రాములు తగ్గిపోతుంది. దానితో తీపి ఒక్కటే తగ్గదు, కేకు మెత్తదనం కూడా పోతుంది. చక్కెర తడిని పట్టి ఉంచుతుంది, మైదాలోని జిగురు త్వరగా బిగుసుకోకుండా అడ్డుపడుతుంది.

కొన్ని వందలకు దొరికే వంటింటి కాటా ఈ గొడవంతా తీరుస్తుంది. పెద్ద ఓవెన్ కొనే ముందు కొనవలసింది అదే. వంటకం దొరక్కపోయినా తూకం ఉంటే కేకు చేయవచ్చు. నాలుగు గుడ్లను పెంకుతోనే తూచి, అంతే బరువు వెన్న, అంతే బరువు చక్కెర, అంతే బరువు మైదా తీసుకోవాలి. సాదా వెన్న కేకుకు శతాబ్దాలుగా ఉన్న లెక్క అది. గుడ్లు చిన్నవైతే మిగతావన్నీ వాటితోపాటే తగ్గుతాయి.

మైదా, గోధుమపిండి

మన మైదాలో మాంసకృత్తులు సాధారణంగా 9 నుంచి 11 శాతం దాకా ఉంటాయి. కేకుకు ఇందులో తక్కువ వైపు మంచిది. నీళ్లు తగిలి, గరిటె తిరిగేకొద్దీ ఆ మాంసకృత్తులు సాగే జిగురుగా మారతాయి. పరోటాకు అది కావాలి, కేకుకు వద్దు. 125 గ్రాముల మైదాలో రెండు టేబుల్ స్పూన్లు తీసేసి, వాటి స్థానంలో అంతే తెల్లటి కార్న్‌ఫ్లోర్ కలిపి మూడుసార్లు జల్లిస్తే జిగురు తగ్గుతుంది. మైదా వేశాక పొడి కనిపించనంత వరకే కలపాలి. కోసినప్పుడు కేకులో కింది నుంచి పైకి పొడవాటి సొరంగాల్లాంటి రంధ్రాలు కనిపిస్తే ఎక్కువ కలిపినట్టు.

మరపట్టించిన గోధుమపిండి వేస్తే లెక్క మారుతుంది. దానిలోని తవుడు, రాయి మధ్య నలిగిన పిండి ఎక్కువ తడి పీలుస్తాయి. 125 గ్రాములకు రెండు మూడు టేబుల్ స్పూన్ల పాలు అదనంగా పోసి, పావుగంట నాననివ్వాలి. బేకింగ్ పౌడర్‌ను మాత్రం ఆ నానడం పూర్తయ్యాకే కలపాలి.

తిరుపతి డిసెంబరులో వెన్న

చక్కెర, వెన్న కలిపి గిలక్కొట్టడం రుచి కోసం కాదు. చక్కెర గరుకు అంచులు వెన్నలో కంటికి కనిపించని గాలి బుడగలను చెక్కుతాయి. బేకింగ్ పౌడర్ కొత్త బుడగలను పుట్టించదు, ఉన్న బుడగలనే ఉబ్బిస్తుంది. ఆ బుడగలు నిలవాలంటే వెన్న 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉండాలి. ‘గది వేడికి వచ్చిన వెన్న’ అని వంటకం రాసినవారి గది చలిదేశంలోది. తిరుపతిలో డిసెంబరు మధ్యాహ్నం 28 డిగ్రీల దాకా ఉంటుంది. గంట బయట పెట్టిన వెన్న ఇక్కడ నూనె వదులుతుంది, గాలిని పట్టదు. పలమనేరు, మదనపల్లె వైపు దాదాపు 700 మీటర్ల ఎత్తు కావడంతో ఉదయం పూట ఈ ఇబ్బంది తక్కువ.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్నను చిన్న ముక్కలుగా కోసి 10 నుంచి 15 నిమిషాలు ఉంచితే చాలు. వేలు నొక్కితే గుంట పడాలి, వేలికి నూనె మెరుపు అంటకూడదు. గుడ్లు మాత్రం చల్లగా ఉండకూడదు. చల్లటి గుడ్డు తగలగానే వెన్న గడ్డకట్టి, మిశ్రమం విరిగిన పాలలా కనిపిస్తుంది. ఒక్కో గుడ్డే వేస్తూ కలపాలి. విరిగినట్టు అనిపిస్తే తూచిన మైదాలోంచే ఒక చెంచా వేస్తే దగ్గరపడుతుంది.

వెన్న బదులు నెయ్యి వేసేటప్పుడు సమానంగా వేయడం పొరపాటు. కొన్న వెన్నలో కొవ్వు 80 శాతం, తడి 16 శాతం దాకా ఉంటుంది. నెయ్యి దాదాపు పూర్తిగా కొవ్వే. 100 గ్రాముల వెన్నకు 80 గ్రాముల నెయ్యి, 15 నుంచి 20 మి.లీ. పాలు సరిపోతాయి. కవ్వంతో చిలికి తీసిన ఇంటి వెన్నలో మజ్జిగ మిగిలి ఉంటుంది. దాన్ని చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, బాగా పిండాకే తూచాలి.

చిత్తూరు బెల్లంతో కేకు

చెరకు, బెల్లం చిత్తూరు ప్రాంతానికి పాత గుర్తింపు. డిసెంబరు నాటికి గానుగలు ఆడుతూ కొత్త బెల్లం వస్తుంటుంది. చక్కెర మానేసి బెల్లం వేద్దామనే ఆలోచన ఇక్కడ సహజం. ఆ కేకులే ఎక్కువగా దెబ్బతింటాయి. బెల్లాన్ని గోధుమరంగు చక్కెర అనుకుని సమానంగా మార్చేయడమే దానికి మూలం.

మొదటి తేడా తడి. చక్కెరలో తడి లేనట్టే. బెల్లంలో 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది, వానకాలం నిల్వలో ఇంకా పెరుగుతుంది. రెండో తేడా గరుకుదనం. బెల్లానికి చక్కెరలాంటి గట్టి పలుకు అంచులు లేవు. వెన్నతో ఎంత గిలక్కొట్టినా గాలి తక్కువే పడుతుంది. అందువల్ల బెల్లం కేకును వెన్నతో కాక నూనెతో, సోడాతో పొంగించే పద్ధతిలో చేయడం మేలు. మూడోది రంగు. బెల్లంలో చక్కెరతోపాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి. అవి త్వరగా ఎర్రబడతాయి. చక్కెర కేకుకు 170 డిగ్రీలు పెట్టే చోట బెల్లం కేకుకు 160 చాలు. లేదంటే పైన నల్లబడేసరికి లోపల పచ్చిగానే ఉంటుంది. అవే చక్కెరలు తడిని పట్టి ఉంచుతాయి కాబట్టి సరిగా కుదిరిన బెల్లం కేకు మర్నాటికి ఇంకా మెత్తగా ఉంటుంది.

నాలుగోది పులుపు. పరమాన్నంలో బెల్లం వేస్తే పాలు విరుగుతాయని తెలిసినవారు గిన్నె దించి, చల్లారాకే వేస్తారు. కేకులోనూ అదే సూత్రం. వేడి బెల్లం నీళ్లలో పాలు పోస్తే విరుగుతాయి, గుడ్లు పోస్తే ఉడికిపోతాయి.

150 గ్రాముల బెల్లాన్ని తరిగి, 50 మి.లీ. నీళ్లలో కరిగేంత వరకే వేడిచేయాలి. మరిగించి పాకం పట్టకూడదు. పలుచటి గుడ్డలో వడకడితే గిన్నె అడుగున ఇసుక, చెరకు పిప్పి ఎంత మిగిలిందో కనిపిస్తుంది. ఆ ఇసుకే కేకులో పంటికింద తగిలేది. పూర్తిగా చల్లారాక వాడాలి. బెల్లంలోని తడి, పోసిన నీళ్లు కలిపి వంటకంలో చెప్పిన పాలల్లోంచి దాదాపు 60 మి.లీ. తగ్గించాలి. తగ్గించకపోతే కేకు అడుగున జిగటగా, ఉడకని కుడుములాంటి పొర మిగులుతుంది. ఆ పొరను చూసి సమయం చాలలేదనుకుని ఇంకో అరగంట పెట్టినా అది పోదు.

ఎంపికలో రంగును నమ్మడానికి లేదు. మెరిసే లేత పసుపు బెల్లం చాలాసార్లు హైడ్రోస్ అనే రసాయనంతో తెల్లబరిచిందే. ముదురు రంగు కేకుకు పనికొస్తుంది, క్యారమెల్ అవసరాన్ని కొంత తగ్గిస్తుంది. కొంచెం కొరికి చూడాలి. ఉప్పగా తగిలితే వంటకంలోని ఉప్పు పూర్తిగా మానేయాలి.

వంట సోడా, బేకింగ్ పౌడర్

సోడాకు పులుపు తగిలితేనే గ్యాస్ బాగా పుడుతుంది. పెరుగు, నిమ్మరసం, వెనిగర్ లేని పిండిలో సోడా వేస్తే కేకు సబ్బు వాసన వేస్తుంది, రంగు నల్లబడుతుంది. బెల్లం పులుపు ఒక్కటే చాలదు, పెరుగు కూడా ఉండాలి. బేకింగ్ పౌడర్‌లో సోడా, పులుపు రెండూ ఉంటాయి. 125 గ్రాముల మైదాకు బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, లేదా పుల్లటి పెరుగు ఉంటే సోడా పావు టీస్పూను. ఎక్కువ వేస్తే కేకు ఎక్కువ పొంగుతుందనేది అపోహ. బుడగలు గోడలు గట్టిపడకముందే పగిలి, నడుమ కుంగుతుంది.

పోయిన క్రిస్మస్‌కు తెరిచిన బేకింగ్ పౌడర్ డబ్బాను పరీక్షించకుండా వాడకూడదు. వేడినీళ్లలో అర టీస్పూను వేస్తే వెంటనే బుసబుసమని నురగ రావాలి. సోడాను నిమ్మరసంతో చూడాలి. పిండి కలిపాక పావుగంట బల్ల మీద ఉంచినా గ్యాస్ కొంత పోతుంది, కాబట్టి పొయ్యి ముందే వేడెక్కి ఉండాలి.

పండ్లు ఎందుకు మునుగుతాయి?

టూటీఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్కల్ని చక్కెర పాకంలో ఊరబెట్టి రంగు వేసి చేసేదే. తిరుపతి నుంచి కడప దారిలో రైల్వే కోడూరు చుట్టూ బొప్పాయి తోటలు ఉన్న ప్రాంతం ఇది. ఇంట్లో చేసుకోవడం కూడా కష్టం కాదు. ముక్కల్ని నీళ్లలో కాస్త పారదర్శకంగా అయ్యే వరకు ఉడికించి, పలుచటి పాకంలో వేసి, రోజంతా నాననిచ్చి ఆరబెట్టాలి.

పండ్లను రమ్‌లో నెలల తరబడి నానబెట్టే పద్ధతిని చూసి, అదే లెక్కను ద్రాక్షరసంతో చేయడం ప్రమాదం. రమ్‌లో 40 శాతానికి పైగా ఉండే ఆల్కహాల్ పండ్లను నిల్వ ఉంచుతుంది. రసంలో ఆ రక్షణ లేదు. ఇక్కడి వేడికి రెండు మూడు రోజుల్లో పులిసి, మూత తీస్తే గ్యాస్ వస్తుంది. మద్యం వాడని ఇళ్లలో 300 గ్రాముల ఎండుపండ్లకు 120 మి.లీ. నారింజ లేదా ద్రాక్ష రసం పోసి, సన్నమంట మీద ఐదు నిమిషాలు వేడిచేసి, మూతపెట్టి రెండు గంటలు ఉంచితే చాలు. రాత్రంతా ఉంచాలంటే ఫ్రిజ్‌లో పెట్టాలి.

మైదాలో దొర్లిస్తే పండ్లు మునగవని అందరూ చెబుతారు. అది సగం నిజం. మైదా పై తడిని పీలుస్తుంది, అంతవరకే. పిండి పలుచగా ఉంటే ఎంత మైదా పట్టించినా మునిగేవి మునుగుతాయి. గరిటె ఎత్తితే పిండి ధారగా కారకుండా ముద్దగా తెగి పడాలి. ఖర్జూరం, చెర్రీలను ఎండుద్రాక్ష సైజుకు తరగాలి. నానిన పండ్లను జల్లెడలో పావుగంట ఉంచి వడకట్టాలి. ఆ రసాన్ని పారేయకుండా కాల్చిన కేకు మీద చిలకరించవచ్చు.

ఒక కిలోకు కాస్త తక్కువ బరువుండే ప్లమ్ కేకుకు నమ్మదగిన కొలత ఇది. మైదా 150 గ్రాములు, వెన్న 150, చక్కెర 130, గుడ్లు మూడు, ఎండుపండ్లు 300, జీడిపప్పు 50, బేకింగ్ పౌడర్ ముప్పావు టీస్పూను. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి కలిపిన పొడి ఒక టీస్పూను. రంగుకు 60 మి.లీ. క్యారమెల్. దీనికి 100 గ్రాముల చక్కెరను పొడి గిన్నెలో కరగనిచ్చి, ముదురు తేనెరంగు దాటి కాఫీ డికాషన్ రంగుకు వస్తుండగా మంట ఆపి, 100 మి.లీ. వేడినీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. చన్నీళ్లు పోస్తే చేతుల మీదికి చిమ్ముతుంది. ఇంకో అర నిమిషం ఆగితే చేదెక్కుతుంది, ఆ చేదును చక్కెర కప్పిపుచ్చదు. మిశ్రమాన్ని 7 అంగుళాల టిన్నులో 150 డిగ్రీల దగ్గర 70 నుంచి 80 నిమిషాలు కాల్చాలి. పండ్లు ఎక్కువున్న కేకు బరువైనది. మంట పెంచితే పైన పగులుతుంది, నడుమ పచ్చిగా ఉంటుంది.

కుక్కరా, ఓటీజీనా?

ఐదు లీటర్ల అల్యూమినియం కుక్కర్‌లో కేకు చేయడం చాలా ఇళ్లలో అలవాటే. పద్ధతి తెలిస్తే ఫలితం బాగుంటుంది, మరిచిపోతే ప్రమాదం. మూతలోని రబ్బరు గ్యాస్కెట్‌ను, పైనున్న వెయిట్‌ను తప్పనిసరిగా తీసేయాలి. నీళ్లు లేని కుక్కర్‌లో వేడి 200 డిగ్రీలకు పోగలదు, రబ్బరు ఆ వేడిని తట్టుకోదు. పైగా ఇక్కడ కావలసింది ఒత్తిడి కాదు, పొడి వేడి.

అడుగున ఒక సెంటీమీటరు మందంగా కల్లుప్పు లేదా ఇసుక పరవాలి. దాని పని వేడిని మెల్లగా, సమంగా పంచడం. పైన స్టాండు పెట్టి, మూతతో మధ్యమంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. తర్వాత 6 అంగుళాల టిన్ను దించి మంటను పూర్తిగా తగ్గించాలి. టిన్ను కుక్కర్ గోడలకు తగలకూడదు, మూడింట రెండు వంతులకు మించి పిండి నిండకూడదు. అరకిలో కేకుకు 45 నుంచి 55 నిమిషాలు పడుతుంది. పై ప్లమ్ కేకును కుక్కర్‌లో చేయాలంటే కొలతలు సగం చేసుకోవాలి.

కుక్కర్‌లో వేడంతా కింది నుంచే వస్తుంది. కేకు పైభాగం తెల్లగా ఉండడం లోపం కాదు, దాని తీరే అంత. పైన ఎర్రబడే దాకా ఉంచాలనుకుంటే అడుగు మాడుతుంది. టిన్ను అడుగున బటర్ పేపర్ రెండు పొరలు వేస్తే కొంత రక్షణ.

ఓటీజీలో (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు పొయ్యిలో) పైనా కిందా రాడ్లు ఉంటాయి కాబట్టి రంగు సమంగా వస్తుంది. కానీ దాని మీద అంకెకూ లోపలి వేడికీ 10 నుంచి 20 డిగ్రీల తేడా ఉండడం సాధారణం. లోపల పెట్టే చిన్న థర్మామీటరు ఒక్కసారి కొంటే ఆ తేడా ఎంతో తెలిసిపోతుంది. ఫ్యాన్ ఉన్న కన్వెక్షన్ ఓవెన్‌లో వేడిని 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించాలి. కరెంటు ఖర్చుకు భయపడనక్కర్లేదు. 1500 వాట్ల ఓటీజీ గంటసేపు ఆగకుండా మండినా ఒకటిన్నర యూనిట్లే. వేడి అందుకున్నాక అది ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువే. మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకూడదు. పది నిమిషాల్లోపు వస్తే కేకుకు పెద్దగా నష్టం ఉండదు.

సమయం ఏదైనా, ముందు మూడింట రెండు వంతుల సేపు మూత తీయకూడదు. తర్వాత చూడవలసినవి గుర్తులు. అంచు టిన్నును కొద్దిగా వదులుతుంది. నడుమ వేలితో నొక్కితే గుంట పడకుండా తిరిగి లేస్తుంది. గుచ్చిన పుల్లకు పిండి అంటదు, పండు జిగురు అంటితే పరవాలేదు. పుల్లను నడుమ ఒక్కచోటే కాక మూడు చోట్ల గుచ్చాలి.

ధనుర్మాసంలో గుడ్డులేని కేకు

క్రిస్మస్ ఎప్పుడూ ధనుర్మాసంలోనే వస్తుంది. డిసెంబరు 16 ప్రాంతంలో మొదలయ్యే ఈ నెలలో తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తుంది. గుడ్డు ముట్టని ఇళ్లు తిరుపతిలో చాలానే ఉంటాయి. వారికి పంచే కేకు గుడ్డులేకుండా చేయడం మర్యాద, అలా చేశామని చెప్పి ఇవ్వడం ఇంకా మర్యాద. గిన్నె, బీటర్ కూడా వేరుగా ఉంచాలి.

గుడ్డు తీసేస్తే కేకును నిలబెట్టే గోడలు తగ్గుతాయి. గుడ్డులోని మాంసకృత్తులు వేడికి బిగుసుకుని బుడగల్ని పట్టి ఉంచుతాయి. పెరుగు ఆ పని చేయలేదు, పొంగించడం, మెత్తబరచడం వరకే చేస్తుంది. మైదా 190 గ్రాములు, పెరుగు 240 గ్రాములు, పొడి చేసిన చక్కెర 150, నూనె 110 మి.లీ., బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూను, సోడా అర టీస్పూను. పెరుగులో సోడా, బేకింగ్ పౌడర్ కలిపి ఐదు నిమిషాల్లో నురగ రాగానే మిగతావి కలిపి వెంటనే కాల్చాలి. పండ్లు 100 గ్రాములు దాటితే ఈ కేకు మోయలేదు, కోసేటప్పుడు పొడిగా రాలిపోతుంది. వేడిగా ఉండగా కోయకూడదు.

అరిసెలు, గులాబీ పువ్వులు, మురుకులు

తమిళనాడు సరిహద్దు మండలాల్లో అరిసెలను అతిరసాలనీ అంటారు. కిలో బియ్యాన్ని ఒక రాత్రి నానబెట్టి, వడకట్టి, తడి ఉండగానే మరపట్టించాలి. పిండిని పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. ఆరిపోయిన పిండి పాకాన్ని పీల్చి అరిసెను గట్టిపరుస్తుంది. అందుకే మరలో రద్దీగా ఉన్న రోజు పిండిని తడిగుడ్డ కప్పి తెచ్చుకోవాలి. బెల్లం 700 నుంచి 750 గ్రాములు. పాకాన్ని చన్నీళ్లలో వేస్తే కరగకుండా వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలి. థర్మామీటరు పెడితే అది 112 నుంచి 116 డిగ్రీల మధ్య. అంతకు ముందే దించితే అరిసె నూనెలో విడిపోతుంది. ఉండ గిన్నెకేసి కొడితే టంగుమనే దాకా ఉంచితే రాయిలా వస్తుంది. పిండి మిగిలినా సరే, పాకం పట్టినంతే కలపాలి.

గులాబీ పువ్వులకు బియ్యప్పిండి 250 గ్రాములు, మైదా 100, పొడి చక్కెర 100, గుడ్డు ఒకటి, కొబ్బరిపాలు 250 నుంచి 300 మి.లీ. ఇక్కడ తప్పంతా అచ్చు దగ్గరే. అచ్చును నూనెలోనే ఉంచి వేడెక్కించాలి. పిండిలో ముంచగానే చుయ్యిమనాలి. చప్పుడు లేకపోతే పిండి అంటదు. మరీ కాగిన అచ్చుకు పిండి అక్కడే ఉడికి జారిపోతుంది. ముప్పావు వంతే ముంచాలి, పై అంచు దాటి పిండి ఎక్కితే పువ్వు ఊడిరాదు. కొత్త అచ్చును ఒక రాత్రి గంజిలో, మర్నాడు నూనెలో ఉంచితే మొదటి నాలుగైదు పువ్వుల తర్వాత దారికి వస్తుంది.

మురుకుల విషయం ఒక్క గుర్తుతో చెప్పవచ్చు. నూనెలో వేయగానే లేచే బుడగలు పిండిలోని నీరు ఆవిరై పోతున్న ఆనవాలు. ఆ బుడగలు దాదాపు ఆగాకే తీయాలి. రంగు చూసి ముందే తీసిన మురుకు లోపల తడి మిగిలి, డబ్బాలోనే మెత్తబడుతుంది. తూర్పుతీరానికి అల్పపీడనాలు వచ్చే నెల ఇది. వాన రోజు మురుకులు చల్లారగానే డబ్బాలో పెట్టాలి, గంటసేపు పళ్లెంలో వదిలేస్తే గాలిలోని తేమ పీల్చుకుంటాయి. కజ్జికాయల్లో పచ్చి కొబ్బరి, బెల్లం పూర్ణం పెడితే మూడు నాలుగు రోజులే ఉంటాయి. పుట్నాల పొడి, చక్కెర, ఎండుకొబ్బరితో చేస్తే రెండు వారాలు నిలుస్తాయి. దూరం పంపేవాటికి రెండో రకమే సరి.

ధర, నిల్వ

2025 సెప్టెంబరు 22 నుంచి వెన్న, నెయ్యి, కొన్ని రకాల ఎండుపండ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, తయారైన కేకుల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొన్న కేకుకూ ఇంట్లో చేసిన దానికీ మధ్య ఖర్చు తేడా దీనితో కొంత తగ్గింది. గుడ్లకు మాత్రం చలికాలంలో గిరాకీ పెరుగుతుంది. ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ చిత్తూరుకు విడిగా రోజూ ధర ప్రకటిస్తుంది, పెద్దమొత్తంలో చేసేవారు అది చూసి కొనుగోలు చేసుకోవచ్చు. ఇంట్లో చేసి అమ్మేవారికి కూడా ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ప్లమ్ కేకును 25వ తేదీకి 22నే కాల్చడం మంచిది. మొదటిరోజు కోస్తే పొడి అవుతుంది, రెండు రోజులాగితే పండ్లలోని తడి కేకంతా పాకుతుంది. టిన్నులో పది నిమిషాలు, జల్లెడ మీద కనీసం నాలుగు గంటలు చల్లారాకే బటర్ పేపర్‌లో చుట్టాలి. గోరువెచ్చగా ఉండగా డబ్బాలో పెడితే మూతకు పట్టిన ఆవిరి కేకు మీదే పడి, మూడో రోజుకు బూజు పడుతుంది. మద్యం లేని ప్లమ్ కేకు తిరుపతి వేడిలో బయట నాలుగైదు రోజులు, ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. క్రీము పూసిన కేకును రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. 24 రాత్రి ఆరాధనకు తీసుకెళ్లేది క్రీము కేకైతే, కోసే వేళ తెలుసుకుని ఇంటి ఫ్రిజ్‌లోంచి తీయాలి.